ఒడిలో పిల్లలు లేకుండా రాట్నమెక్కాం

పెళ్లయి పన్నెండేళ్లయినా మాకు పిల్లల్లేరు. పందొమ్మిది వందల అరవైలలో ఓసారి యాదగిరిగుట్ట జాతరకెళ్లి, నేనూ మా ఆయనా రంగులరాట్నం వరసలో నిలబడ్డాం.

రాట్నం తిప్పేవాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒళ్లె పిల్లలుంటేనే పెద్దోళ్లను ఎక్కనిస్త. మీ పిల్లలేరమ్మా?"

అందరూ మావైపు తిరిగారు. వెనక నిలబడ్డ ముసలమ్మ, "పిల్లలు లేనోళ్లు గుడి చుట్టు తిరగాలె గని, గీడ తిరుగుతరా?" అంది.

"పోదాం పా," అన్నారు మా ఆయన, తల దించుకొని.

నాకు మండింది. "గుడి చుట్టు పొద్దుగాలనే తిరిగినం అవ్వా! గది దేవుని కోసం, గిది మా కోసం," అని ఆయన చెయ్యి పట్టుకొని ఎక్కి కూర్చున్నాను.

పైకి పోగానే ఆయన గట్టిగా కళ్లు మూసుకున్నారు. నేను మాత్రం గొంతు పోయేదాకా కేకలేశాను.

మేం దిగుతుంటే ఆ ముసలమ్మ ముందుకొచ్చింది. "జర ఆపు బిడ్డా, నేను గూడ ఎక్కుత."

ఆమె ఒడీ ఖాళీయే. ఈసారి వాడు చెయ్యి అడ్డం పెట్టలేదు.