తొలి సాలు పండరి

వర్నికి పోయే రోడ్డు మీద, బాన్సువాడ ఇళ్లు అయిపోయే చోట, పండరి రేకుల షెడ్డు ఉండేది. 1969లో నేను బాలికల పాఠశాలలో తెలుగు చెప్పడానికి వచ్చి, ఆ షెడ్డుకు ఎదురింట్లో కిరాయికి దిగాను. తెలంగాణ ఉద్యమం వల్ల ఆ సంవత్సరం బడులు నడిచిన రోజులకంటె మూతపడిన రోజులే ఎక్కువ. అందువల్ల ఎదుటి మనిషి పనిచేయడాన్ని చూసే తీరిక నాకు దొరికింది.

పండరిది నస్రుల్లాబాద్ వైపు వ్యవసాయ కుటుంబం. యంత్రాల చదువు చదివి డిప్లొమా పుచ్చుకున్నాడు. దానితో సర్కారు కొలువు దొరికేది. కాని అతని మనసు బురద మీద పడింది. నాట్లకు ముందు పొలంలో నీళ్లు నిలిపి మట్టిని కలియదున్నడాన్ని మా వైపు కరిగెట అంటారు. కోస్తా నుంచి వచ్చి వర్నిలో స్థిరపడినవారు దమ్ము అంటారు. పేరు ఏదైనా, కొత్తగా వచ్చిన ట్రాక్టర్ల రబ్బరు చక్రాలు ఆ బురదలో ఇరుసు దాకా దిగబడేవి. వాటి పక్కన బిగించడానికి పండరి పంజరంవంటి ఇనుప చక్రాలు తయారు చేశాడు. చక్రం చుట్టూ అడ్డంగా బోల్టులతో బిగించే పట్టీలను ఎంత వాలుగా పెట్టాలన్నదే అందులోని కిటుకు. నల్లరేగడికి ఒక వాలు, ఇసుక పాలెక్కువైన దుబ్బ నేలకు మరొక వాలు. అది తేల్చుకోవడానికి కొన్ని సంవత్సరాలు పట్టింది.

మా ప్రాంతంలో ఒక ఆచారముంది. కొత్త నాగలి చేసిన మనిషే పొలానికి వచ్చి, కొబ్బరికాయ కొట్టి, తొలి సాలు తానే దున్నాలి. ఆ తరువాతనే రైతు మేడి పట్టుకుంటాడు. నాగలికి ఉన్న ఈ మర్యాదను రైతులు ఇనుప చక్రానికీ అంటగట్టారు. పండరి స్వయంగా ట్రాక్టరెక్కి బురదలో తొలి చుట్టు తిప్పితేనే చక్రం కొన్నట్టు. మొదట్లో అది అతనికి లాభించింది. అతడు తిప్పుతుంటే గట్టు మీద నిలబడి చూసినవారు తామూ కావాలనేవారు. తొలి సాలు పండరి అన్న పేరు అట్లా వచ్చింది.

పేరు పెరిగినకొద్దీ మనిషి తరిగిపోయాడు. కాలువకు నీళ్లు వదిలితే అందరి పొలాలూ ఒక్కసారే తడుస్తాయి. అందరికీ ఒక్కసారే పండరి కావాలి. ఆ రోజులలో షెడ్డుకు తాళం. అతడు ఊరూరా బురదలో. కాలివేళ్ల సందులు ఒరిసి, చెప్పులు వేసుకోలేక, పసుపు రాసుకుని కుంటుతూ తిరిగేవాడు.

1976లో, సాంకేతిక విద్య చదివి సొంతంగా పరిశ్రమ పెట్టుకున్నవారికి వ్యాపారం నేర్పే శిక్షణ ఒకటి హైదరాబాదులో జరిగింది. పండరి వెళ్లి, నడి వేసవిలో తిరిగివచ్చాడు. అతని భార్య ప్రేమల అప్పుడు మా అరుగు మీద కూర్చుని నాతో మాట్లాడుతున్నది.

"ఏం నేర్పిన్రు?" అని అడిగింది.

"చక్రం ఎట్ల చేస్తవని ఎవ్వలూ అడగలే. నువ్వు మంచాన పడితే నీ దుకాణం నడుస్తదా అని అడిగిన్రు."

"నువ్వేమన్నవ్?"

"నడువదన్న. అయితే నీది వ్యాపారం గాదు, కూలి అన్నడు సారు. అందరి ముంగట."

"గీ ముచ్చట పెండ్లయిన కాడికెల్లి నేను చెప్తనే ఉన్న," అన్నది ప్రేమల. "నాకైతే బస్సు కిరాయి గూడ ఇయ్యకపోతివి."

పండరి నవ్వలేదు. ఆ సారు చెప్పిన ఇంకొక మాట అతన్ని పట్టుకుంది. కొనేవాడు వస్తువును కొనడు, దానివల్ల తీరే అవసరాన్ని కొంటాడు. ఆ అవసరమేదో ముందు కనుక్కో అన్నాడట. పండరి కొన్నాళ్లు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. తొలి చుట్టులో తాను ఆ నేలకు తగ్గ వాలుకు పట్టీల బోల్టులు సవరిస్తాడు. ఆ సవరింపు కోసమే రైతులు తనను పిలుస్తున్నారు. కాబట్టి సవరించే పని లేని చక్రం చేస్తే తాను వెళ్లనక్కర లేదు. యంత్రాలు చదివినవాడికి తోచవలసిన ఆలోచనే అది. రేగడికి ఒక రకం, దుబ్బకు ఒక రకం, రెండే అచ్చులు పెట్టాడు. తనకంటె పెద్దవాడైన జేత్యా అనే తండా మనిషికి వెల్డింగు అప్పగించాడు. చక్రాలు ఒకదాని పోలిక ఒకటి తప్పకుండా వచ్చాయి.

నిజామాబాదులో యంత్ర పరికరాలు అమ్మే దుకాణదారు ఒకాయన వాటిని చూడవచ్చాడు. చక్రాన్ని తట్టి చూసి, "నేను చక్రాలమ్ముత. నిన్ను బండిల ఎక్కిచ్చుకొని ఊరూరు తిప్పలేను," అన్నాడు. "గీ వానకాలం నువ్వు దిగకుండ ఇవి నడిచినయా, కాలువ పొడుగూత నేనే అమ్మిపెడ్త. లేదా, ఎవరి తొవ్వ వాళ్లది."

ఆయన వెళ్లిన తరువాత పండరి ప్రేమలతో, ఇది కాకపోతే షెడ్డు మూసి ఎక్కడైనా కొలువు వెతుక్కుంటానని చెప్పాడు. ఇంకొక వానకాలం కాళ్లు ఓర్చుకోలేవన్నాడు.

నీళ్లు వదిలారు. జేత్యా ఊళ్లు తిరిగి చక్రాలు బిగించి వచ్చి, షెడ్డు ముందు బీడీ ముట్టించుకున్నాడు.

"అన్ని బిగించిన. ఎవ్వలు దిగుతలేరు," అన్నాడు. "ట్రాక్టర్లు గట్ల మీద నిలబెట్టుకొని తొవ్వ చూస్తున్నరు. నన్ను గాదు, నిన్ను."

మరునాడు వర్ని నుంచి బసవపున్నయ్య మోటారుసైకిలు మీద వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పెద్ద రైతు.

"ఏమయ్యా పండరీ, మా చేలో ఎప్పుడు అడుగుపెడతావు?"

"బోల్టు తిప్పే పని గూడ లేదండి గీ చక్రానికి. మీ డ్రైవరు దిగొచ్చు."

"బోల్టు గొడవ ఎవడికి కావాలయ్యా? చక్రానికి నువ్వక్కర్లేదు, మాకు కావాలి. మొదట్లో ఇదేం ఆచారమని మేమూ నవ్వుకున్నాం. మొన్న మా పక్క చేనాయన నువ్వు రాకుండా దిగాడు, ఇరుసు విరిగింది."

"ఆ ఇరుసు పాతది."

"పాతదేనయ్యా. ఆ సంగతి ట్రాక్టరుకి తెలుసు. మా ఆవిడకి తెలీదుగా."

బసవపున్నయ్య వెళ్లిపోయాక పండరికి తన లెక్క ఎక్కడ తప్పిందో తెలిసింది. రైతులు కొంటున్నది సవరింపును కాదు, అతని హస్తవాసిని. దానికి అచ్చు పోయడం సాధ్యం కాదు.

అతడు బసవపున్నయ్య పొలానికి పోలేదు. మరెక్కడికీ పోలేదు. అప్పుడు నస్రుల్లాబాద్ నుంచి అతని అక్క పోసవ్వ వచ్చింది. చీర అంచుకు బురద ఎండి ఉంది.

"తమ్మీ, లే," అన్నది. "మీ బావ ఒడ్డు మీద నిలబడ్డడు. మా నీళ్ల వంతు పొద్దూకే దాకనే."

"జేత్యా వచ్చిండు గద అక్కా."

"వచ్చిండు. బిగించిండు. చాయ తాగిండు. మీ బావ ఆయన దిక్కే చూస్తలేడు."

"డ్రైవరును దిగుమను."

"నువ్వు దిగకుంటె ఆయన దిగనిస్తడా? ఊరంత నవ్వంగ నీ మొదటి చక్రాలు కొన్నదెవలు? ముత్తెన్న గాదా?"

"బావనే. గందుకే పోలేను," అన్నాడు పండరి. "బావ పొలంల దిగితె ఇగ అందరి పొలంల దిగాలె. నాతోని అయితలేదు అక్కా."

పోసవ్వ తమ్ముని కాళ్ల వైపు చూసింది. ఆమె గొంతు కొంచెం తగ్గింది కాని మాట తగ్గలేదు. "పట్నం పోయి చదివొచ్చినంక చుట్టాలు బరువైన్రా?"

"నాకు నేనే బరువైన."

ఆమె మంచినీళ్లయినా తాగకుండా బస్సు కోసం నడిచింది. ఒక్క పొలమే కదా, పోయి రమ్మని ప్రేమల బతిమాలింది. పండరి నా వైపు తిరిగి, "మీరేమంటరు పంతులమ్మా?" అన్నాడు. తప్పును దిద్దడం నా వృత్తి. ఇద్దరిదీ ఒప్పే అయినప్పుడు దిద్దవలసినదేదో నాకు తెలియదు.

అక్కడ జరిగినది తరువాత జేత్యా చెప్పాడు. ముత్తెన్న కొబ్బరికాయ చేతిలో పట్టుకొని మధ్యాహ్నమంతా ఒడ్డు మీదనే నిలబడ్డాడట. పోసవ్వ ఒక్కతే తిరిగిరావడం చూశాడు. నీళ్ల వంతు ఇంకొక గంట ఉందనగా కొబ్బరికాయను గట్టు మీద పెట్టి, డ్రైవరుకు దిగమన్నట్టు చేయి ఊపి, పొలానికి వీపు పెట్టి నిలబడ్డాడు. చక్రాలు దిగబడలేదు. మసక పడేలోగా పొలమంతా కరిగెట అయింది.

ఆ సంగతి ఊళ్లకు పాకింది. సొంత బావ పొలానికే పోనివాడు మన పొలానికి వస్తాడా అని నవ్వుకుని, రైతులు ఒక్కొక్కరే ట్రాక్టర్లు దింపారు. పండరి రాలేదని ఎవరికీ కోపం రాలేదు. బావకు లేని మర్యాద తమకు లేకపోతే అందులో చిన్నతనమేముంది? బసవపున్నయ్య కూడ దింపాడు. అతని భార్య ట్రాక్టరుకు దిష్టి తీసి పంపిందట.

నాట్లు అయిన తరువాత పండరి అక్క ఇంటికి వెళ్లాడు. పోసవ్వ అన్నం పెట్టింది. ముత్తెన్న అతడు తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు.

"చక్రం మంచిగున్నది," అన్నాడు చివరకు. "నువ్వే లేవు."

పండరి చేయి కడుక్కొని వచ్చేశాడు.

నిజామాబాదు దుకాణదారు మాట తప్పలేదు. పక్క జాగా తీసుకొని షెడ్డు పెంచారు. జేత్యా కింద నలుగురు వెల్డర్లు చేరారు. చక్రాలు బోధన్ కు, జుక్కల్ కు, అక్కడి నుంచి మహారాష్ట్ర పల్లెలకు పోయాయి. పండరి కాళ్లు మానాయి. నాట్ల కాలంలో అతడు షెడ్డు ముందు కుర్చీ వేసుకొని కూర్చునేవాడు. లారీలు ఎత్తుకుపోయే చక్రాలను చూసేవాడు. అవి ఏ పొలంలో దిగుతాయో తెలుసుకోవలసిన అవసరం అతనికి లేకపోయింది. పండుగలకు అక్క వచ్చేది. బావ వచ్చేవాడు కాదు.

నేను ఉద్యోగ విరమణ చేసిన సంవత్సరం, 1984లో, ఒక సాయంత్రం పండరి నిజామాబాదు నుంచి వచ్చి మా అరుగు మీదనే కూలబడ్డాడు. ప్రేమల చాయ తెచ్చింది. ముత్తెన్న పాత చక్రాలు అరిగిపోయాయట. నిజామాబాదు దాకా పోయి, ఆ దుకాణంలోనే పండరి చక్రాలు కొత్త జత కొని బండికి ఎత్తించుకున్నాడని దుకాణదారు చెప్పాడట.

"సంతోషమే గద," అన్నది ప్రేమల. "నువ్వు లేకుండనే నడుస్తున్నది. మీ సారు చెప్పినట్టే అయింది."

"అయింది," అన్నాడు పండరి. "ఎవలు చేసిన్రని గూడ అడగలేదంట."