ఎ సెక్షన్‌కి మార్చిన తర్వాత

తొమ్మిదో తరగతిలో క్వార్టర్లీ పరీక్షలయ్యాక, ఒకరోజు ప్రేయర్‌లో హెడ్మాస్టరు నన్ను ముందుకి పిలిచి, రేపటి నుంచి ఎ సెక్షన్‌లో కూర్చోమన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా కాళ్ళు చల్లబడిపోయాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. మాది అనకాపల్లిలో ఒక ప్రైవేటు హైస్కూలు. మార్కులొచ్చేవాళ్ళు ఎ సెక్షన్, రానివాళ్ళు బి. బి సెక్షన్‌లో మమ్మల్ని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. నాకు చదువు వంటబట్టింది అందుకేనేమో. ఎ సెక్షన్‌లో మాత్రం లెక్కల మాస్టారు మార్కు తగ్గితే మార్కుకో దెబ్బ వేసేవారు. గోడకి ఇవతల కూర్చున్న మాకు ఆ చప్పుడు వినపడేది. ఏడుపు వినపడేది కాదు. ఏడిస్తే ఇంకో దెబ్బ పడుతుందట.

నాన్న అనకాపల్లి దగ్గర్లోని మా ఊళ్ళో చెరుకు వేసి బెల్లం వండేవాడు. సెక్షన్ మారిందని విని పొంగిపోయాడు.

"నేనెల్లను నాన్నా" అన్నాను.

"ఏటే, మంచి సెక్షన్ ఇత్తే ఎల్లనంతావేటి? మాస్టారు కొట్టినా నీ మంచికే కదేటి!"

మొదటి రోజే మాస్టారు బోర్డు దగ్గరికి పిలిచారు. బి సెక్షన్‌లో నేను చేసిన లెక్కే. కానీ సుద్దముక్క పట్టుకోగానే అంకెలన్నీ అలుక్కుపోయాయి. వెనక బెత్తం బల్లకి తగులుతున్న చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు.

"ఏటమ్మా, కాపీ కొట్టి వచ్చేవా ఈ సెక్షన్‌కి?" అన్నారు. క్లాసంతా నవ్వింది. చెయ్యి చాపాను. దెబ్బ నొప్పి మర్చిపోయాను గానీ, దానికి ముందు బెత్తం గాల్లో ఆగిన ఆ కాస్త సమయం మర్చిపోలేదు.

మర్నాడు బస్సు దిగాక బడివైపు అడుగు పడలేదు. బెల్లం మార్కెట్‌లోకి వెళ్ళి, దిమ్మల వరసల వెనక గోనెసంచుల మీద కూర్చున్నాను. కూర్చున్నాక గుర్తొచ్చింది, నాన్న బెల్లం తెచ్చేదీ ఇక్కడికే. ఏ బండి ఆగినా నాన్నదే అనిపించేది. యూనిఫాం కనపడకుండా పుస్తకాల సంచి గుండెకి హత్తుకున్నాను.

నాన్న రాలేదు. బడికి వెళ్తూ బెల్లం కొనడానికి ఆగిన మా తెలుగు టీచరు చూశారు.

"ఇక్కడేం చేస్తున్నావమ్మా?"

"నాన్నకి సెప్పకండి టీచర్" అని ఏడ్చేశాను.

ఆవిడ తిట్టలేదు. చీర మాస్తుందని కూడా చూడకుండా నా పక్కనే సంచి మీద కూర్చున్నారు. జరిగింది చెప్పాను.

"తప్పు చెబితే కొడతారని భయం. మరి ఒప్పు చెబితే?"

"ఇంకా కష్టమైంది అడుగుతారండి. అది రాకపోతే అప్పుడు కొడతారండి."

ఆవిడ సంచి మీంచి లేచి, "పద. లెక్కల పీరియడ్‌లో నేనొచ్చి వెనక బెంచీలో కూర్చుంటాను" అన్నారు.

అన్నట్టే వచ్చారు. స్టాఫ్‌రూంలో ఫ్యాను తిరగడం లేదనీ, పేపర్లు ఇక్కడ దిద్దుకుంటాననీ మాస్టారితో చెప్పారు. ఆయన సరేనన్నారు. ఆ వెంటనే నన్నే పిలిచారు.

బోర్డు మీద లెక్క చేశాను. తప్పు. ఆయన అడక్కుండానే చెయ్యి చాపేశాను. బెత్తం లేచింది. వెనక బెంచీలో కాగితాల చప్పుడు ఆగిపోయింది. మాస్టారు అటు చూశారు. టీచరు కలం పక్కన పెట్టి ఆయన్నే చూస్తున్నారు.

బెత్తం మెల్లగా కిందికి దిగింది.

"ఎక్కడ తప్పేవో సూసుకో" అన్నారు మాస్టారు, గొంతు తగ్గించి.

చూసుకున్నాను. సమానం గుర్తు దాటించినప్పుడు ప్లస్‌ని మైనస్ చెయ్యలేదు. దిద్దాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వచ్చి కూర్చుంటే వీపంతా చెమట.

ఖాళీ దొరికినప్పుడల్లా టీచరు వచ్చి కూర్చునేవారు. ఆవిడ రాని రోజు బెత్తం మామూలే. అయినా నేను మళ్ళీ బడి ఎగ్గొట్టలేదు. తప్పు ఎక్కడుందో వెతుక్కోవచ్చని ఒకసారి తెలిసింది కదా, దాన్ని పట్టుకునే పదో తరగతి గట్టెక్కాను. లెక్కల పీరియడ్‌కి ముందు వచ్చే కడుపునొప్పి మాత్రం చివరి పరీక్ష రాసేదాకా నన్ను వదల్లేదు.