టమాట టీచరమ్మకు నా తర్జుమా

ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే, ఆ కాలంలో అది కొత్తగా కొన్న రేడియోతో సమానం. ఇంటికొచ్చిన చుట్టాలందరి ముందూ ఒకసారి మోగించి చూపించాల్సిందే. మా గన్‌ఫౌండ్రీ ఇంట్లో ఆ రేడియోను నేను. బి.ఏ. చదువుతున్నాను. "జర ఇంగ్లీషుల మాట్లాడు బిడ్డా" అని నాన్న అనడమే ఆలస్యం, పాఠ్యపుస్తకంలో ఏ పేజీ గుర్తొస్తే ఆ పేజీ అప్పగించేదాన్ని. చుట్టాలు తలలూపేవారు. ఆబిడ్స్‌లో ఇంగ్లీషు సినిమాకు పోతే స్నేహితురాళ్లందరికంటే ముందు నవ్వేదాన్ని (అర్థమై కాదు, వెనక బాల్కనీలో సూట్లవాళ్లు నవ్వడం వినపడింది కనుక). ఇన్ని గొప్పలున్న నన్ను మా మేనత్త మాత్రం ఎన్నడూ మోగమనలేదు. ఆమెకంత తీరిక లేదు.

మేనత్త నాంపల్లి స్టేషన్ వెనక, పట్టాలు దాటాక వచ్చే బస్తీలో, ఒక రేకుల షెడ్డులో చిన్న బడి నడిపేది. ఆ బస్తీలో రిక్షాలు తొక్కేవాళ్లు, స్టేషన్లో మూటలు మోసేవాళ్లు, మొజంజాహీ మార్కెట్ దగ్గర గంపలు పెట్టుకొని పండ్లమ్మే ఆడవాళ్లు ఉండేవారు. చాలామంది పాలమూరు దిక్కు నుంచి వానల్లేక బతకవచ్చినవాళ్లు. వాళ్ల పిల్లలను ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, బెల్లం ముక్కలు ఆశపెట్టి తెచ్చి కూర్చోబెట్టేది మేనత్త. అలాంటి బడికి ఒక ఏడాది సముద్రాలు దాటి ఓ తెల్లపిల్ల వచ్చింది. జీతం లేకుండా కొన్నాళ్లు పేదపిల్లలకు చదువు చెప్పిపోతానంది. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో, అంతే. మొదటిరోజే ఎండకు ముఖమంతా ఎర్రబడితే పిల్లలు 'టమాట టీచరమ్మ' అని పేరు పెట్టేశారు. ఆమె అదేదో గౌరవవాచకం అనుకొని, పేరడిగినవాళ్లందరికీ తనే "తమాతా తీచరమ్మా" అని చెప్పుకునేది.

"గామెకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. నువ్వొచ్చి నడుమ నిలవడు బిడ్డా" అంది మేనత్త.

నిలబడ్డాను. ఇస్త్రీ చీర, చేతిగడియారం, ఎత్తు మడమల చెప్పులు. బస్తీ బురదలో ఆ చెప్పులు అడుగడుక్కీ దిగబడేవి, నేను మాత్రం దిగేదాన్ని కాదు. తర్జుమా అంటే మాటకు మాట గ్రాంథికంలో ఉండాలని నా నమ్మకం. "అందరూ కూర్చొనుడు" అని మొదటిరోజు ఆజ్ఞాపిస్తే, ముందు వరుసలో ఒక పిల్ల లేచి, "ఉత్త కూసునుడేనా, నిలవడుడు గూడ ఉన్నదా టీచరమ్మా?" అని అడిగింది. పిల్లలకు భాష రాదనుకున్నాను.

కొన్ని వారాలయ్యాక ఒక సాయంత్రం తల్లులందరినీ బడికి పిలిచారు. ముందురోజే టమాట టీచరమ్మ టేపు పట్టుకొని పిల్లలందరి ఎత్తులూ భుజాలూ కొలిచింది. అంగీలు, గౌన్లు కుట్టించి హఠాత్తుగా ఇచ్చి సంబరపెట్టాలని ఆమె ఆలోచన, కనుక ఎవరికీ చెప్పవద్దంది. సభలో తల్లుల ఒళ్లో ఒదిగిన పిల్లలను చూసేసరికి ఆమె కళ్లు మెరిశాయి. "ఎంత ముద్దొస్తున్నారో! అందరినీ నా పెట్టెలో వేసుకొని ఇంటికి తీసుకుపోవాలనిపిస్తోంది" అని ఇంగ్లీషులో అంది. మేనత్త అప్పుడు బయట అందరికీ చాయ్ పోయిస్తోంది. నేను గొంతు సవరించుకున్నాను.

"సోదరీమణులారా! ఈమె మీ పిల్లలను పెట్టెలో పెట్టుకొని తమ దేశమునకు కొనిపోవలెనని అభిలషించుచున్నారు."

చప్పట్ల కోసం ఆగాను.

"ఏందీ, పెట్టెలనా?" అంది ఒకామె.

"అందరినీయా?" అంది ఇంకొకామె.

"ఔను, అందరినీ" అన్నాను, ఎవరి పిల్లలనూ తక్కువ చేయడం ఇష్టంలేక.

"గందుకేనా నిన్న కొల్తలు దీస్కున్నది!" అని వెనక నుంచి ఒక గొంతు.

మేనత్త చాయ్ పట్టుకొని లోపలికొచ్చేసరికి షెడ్డు ఖాళీ. సభ బాగా జరిగిందనే నేను అనుకున్నాను.

మర్నాడు బడికి ఒక్క పిల్లా రాలేదు. టమాట టీచరమ్మ ఖాళీ చాపలను చూసి, ఇవాళ ఏం పండుగ అని నన్నడిగింది. మేనత్త నన్ను పక్కకు పిలిచి, "నిన్న ఏం చెప్పినవే?" అంది. ఉన్నదున్నట్టు, అదే రాగంతో, మళ్లీ అప్పగించాను. మేనత్త తల పట్టుకొని చాపమీద కూలబడింది. ఆమె భయం నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ వారంలోనే బడుల ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తున్నాడు. పిల్లలు లేని బడికి ఈ షెడ్డెందుకని గోదాముకు కిరాయికిచ్చేందుకు యజమాని ఎప్పటినుంచో కాచుకొని ఉన్నాడు. "ఇన్నేండ్ల నా తిరుగుడు ఒక్క మాటతోని తుడ్సిపెట్టినవ్ గదనే" అంది, తిట్టినట్టు కాదు, అలిసిపోయినట్టు. తిట్టినా బాగుండేది.

ముగ్గురం బస్తీలోకి బయల్దేరాం. మమ్మల్ని చూడగానే తలుపులు టపటపా మూసుకున్నాయి. తడికల సందుల్లోంచి "టమాట టీచరమ్మా!" అని పిల్లలు అరవడం, వెంటనే లోపలికి లాగేయడం. ఒక్క ఇంటి ముందు మాత్రం ముందు వరుస పిల్ల మూట కట్టుకొని తయారుగా నిలబడింది. "నేను సన్నగున్న, పెట్టెల పడ్త" అని హామీ ఇచ్చింది. వాళ్లమ్మ వచ్చి పిల్లనూ మూటనూ ఒక్క చేత్తో ఎత్తుకుపోయింది.

చివరకు పండ్లవ్వ గుడిసె ముందు ఆగాం. ఆమె మార్కెట్లో పండ్లమ్మే ముసలామె. బస్తీలో ఆడవాళ్లకు ఆమె మాటంటే మాటే. గడపలో కూర్చొని టమాట టీచరమ్మను కింది నుంచి పైదాకా చూసింది. చుట్టూ తల్లులు మూగారు. మేనత్త నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టి, నాతో అంది:

"అడుగు బిడ్డా. ఆమెకు అమ్మ ఉన్నదా?"

అడిగాను. ఉందని తలూపింది.

"ఉంటే గింత దూరం ఎట్ల తోలింది? ఏడ్వలేదా ఆ తల్లి?"

అదీ అడిగాను. టమాట టీచరమ్మ నవ్వబోయింది, చేతకాలేదు. ఓడరేవులో అమ్మ ఒక్క మాటైనా మాట్లాడలేదని, ఓడ కదిలాక చూస్తే అటు తిరిగి నిలబడి ఉందని, ఇక్కడికొచ్చాక రోజూ తెల్లవారగానే ముందు అదే గుర్తొస్తోందని గబగబా చెప్పి, అక్కడే గడప కింద మట్టిలో కూర్చొని రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. నేను "సోదరీమణులారా" అని మొదలుపెట్టబోయాను.

"నువ్వు ఊకో" అంది పండ్లవ్వ. "గిది మాకు సమజైతది."

లేచొచ్చి ఆ ఎర్రటి తలను తన కడుపుకు ఆనించుకుంది. "గీ పిల్లే ఇంటికాడికెల్లి తప్పిపోయిన పిల్ల లెక్కున్నది. గీమె మన పోరగాండ్లను ఏడ గొంచవోతది! ఓ పిల్లా, ఏమన్న తిన్నవా పొద్దుగాల?" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు మేనత్త అంగీల సంగతి, ముద్దు సంగతి మామూలు మాటల్లో చెప్పింది. అరనిమిషం పట్టలేదు. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం వచ్చాయి. టమాట టీచరమ్మ ఒక్క ముక్క తిని, తన పేరుకు పూర్తి న్యాయం చేసింది. బస్తీ అంతా విరగబడి నవ్వింది.

మర్నాడు పిల్లలందరూ వచ్చారు. వెంట తల్లులూ వచ్చారు (నమ్మకం ఉంది గానీ, ఎందుకైనా మంచిదని). గోడవారగా కాపలా కూర్చున్నవాళ్లు మధ్యాహ్నానికల్లా పిల్లలకంటే గట్టిగా అ ఆ లు చదవసాగారు. ఇన్‌స్పెక్టరు వచ్చి, నిండిన షెడ్డు చూసి, ఇందులో విద్యార్థులెవరని మేనత్తనడిగితే, పండ్లవ్వ ముందుగా చెయ్యెత్తింది. బడి నిలిచింది.

టమాట టీచరమ్మ వెళ్లేరోజు బస్తీ సగం నాంపల్లి ప్లాట్‌ఫాం మీదే ఉంది. బొంబాయి బండి. నేను ఇంగ్లీషులో మంచి వీడ్కోలు ప్రసంగం బట్టీపట్టి వెళ్లాను. ఆమె కిటికీలోంచి చెయ్యి చాచగానే ఒక్క ముక్కా గుర్తురాలేదు. ఆ చెయ్యి పట్టుకొని బావురుమన్నాను. పక్క పెట్టెకు సామాను మోస్తున్న హమాలీ ఆగి, జాలిగా, "పోయేది ఎవరమ్మా, మీరా, గామెనా?" అన్నాడు. బండి కదిలింది. ఇస్త్రీ చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, చెప్పులు రెండో చేత్తో పట్టుకొని, వట్టి కాళ్లతో ప్లాట్‌ఫాం చివరిదాకా పరుగెత్తిందట ఓ పందొమ్మిదేళ్ల పిల్ల. వెనక నుంచి మేనత్త "ఆగవే, పడ్తవ్!" అని అరుస్తూనే ఉందట. నాకైతే ఏమీ వినపడలేదు. ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అలా నేను ఎవరి వెంటా మళ్లీ పరుగెత్తలేదు కదా అని, ఆ పిల్ల మీద కొంచెం అసూయ కూడా వేస్తుంది.