కుడివైపు తెర

దర్జీ ఇంట్లో రెండు కత్తెరలున్నాయని ఆ వీధిలో చెప్పుకునేవాళ్ళు. ఒకటి గుడ్డలు కత్తిరించేది, రెండోది బొమ్మలు కత్తిరించేది. ఆ రెండో కత్తెర దర్జీ భార్యే. పెళ్ళిళ్ళూ, పుట్టినరోజులూ, పదవీ విరమణ సభలూ ఫొటోగ్రాఫర్లు గంటల తరబడి తీసి తెచ్చి పడేస్తే, వెనక గదిలో కూర్చుని వాటిని చూడదగ్గ వీడియోలుగా చేసి ఇచ్చేది. ఎవరు పెట్టారో గాని కత్తెరమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. కోపం వచ్చినప్పుడు అత్తగారు కూడా అలాగే పిలిచేది.

కొత్త తెర కొనాలన్న ఆలోచన ఒక పెళ్ళికూతురి వల్ల వచ్చింది. పెళ్ళిలో తను వేసుకున్న ఎర్రటి బట్టలు ఇంట్లో టీవీలో వంకాయ రంగులో కనిపిస్తున్నాయని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కత్తెరమ్మ తన మానిటర్లో మళ్ళీ చూసుకుంటే ఎరుపు ఎరుపులాగే ఉంది. తేడా ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. ఆ తెర పాతబడి పచ్చబారిపోయింది. రోజూ చూసే కళ్ళకి అదే అలవాటై, ప్రతి మొహంలోనూ పసుపు ఎక్కువైందనుకుని, ప్రతి వీడియోలోనూ ఆ పసుపును లాగేస్తూ వచ్చింది.

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఇక్కడ కామెర్లు నీకు కాదు, నీ తెరకి" అన్నాడు దర్జీ, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

బజారులో దుకాణంవాడు విల్లులా వంగిన ఒక పెద్ద తెరను చూపించాడు. ఎడిటింగులో ముక్కల వరుస మొత్తం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకేసారి కనిపిస్తుందన్నాడు. కత్తెరమ్మకు మనసు లాగింది. దర్జీ మాత్రం జేబులోంచి టేపు తీసి కొలిచి, "ఇది మన బల్ల మీద పెడితే నువ్వు వరండాలో కూర్చోవాలి" అన్నాడు. పైగా కాస్త పక్కకి జరిగి చూస్తే రంగు మారిపోతోంది. ఒక్క పెద్దదాని కంటే రెండు మామూలువే మేలని తేల్చుకున్నారు. పాతది ఎడమవైపు, ముక్కలు అతికే పనికి. రంగులు నిజంగా చూపించే మంచి తెర ఒకటి కుడివైపు.

ఆ మంచి తెర ఒక పాత స్టూడియో మనిషి దగ్గర దొరికింది. జీవితమంతా సినిమాలకు రంగులు సరిచేసి మానుకున్నాడాయన. తనే మోసుకొచ్చి, తెర మీద బిళ్ళలాంటి మీటరు ఒకటి ఆనించి, రంగులు సరిపెట్టాడు. వెనక గోడకు బూడిదరంగు వేయించమన్నాడు. కిటికీకి మందపాటి పరదా కట్టమన్నాడు. అన్నీ చెప్పి, చెప్పులేసుకుంటూ, "పని చూసుకోమ్మా. ఊరికే కూర్చుని చూడకు" అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో అప్పుడు ఆవిడ అడగలేదు.

పరదా వేస్తే మిట్టమధ్యాహ్నం కూడా ఆ గది బావిలా చీకటయ్యేది. మొదటిరోజు సరదాకి పాత వీడియోలు తీసి, ఫొటోగ్రాఫర్ ఇచ్చిన అసలు బొమ్మను కుడి తెర మీద పెట్టింది. ఒక మాస్టారి పదవీ విరమణ సభ. గోడలు తెల్లగా ఉన్నాయి. పిల్లల మొహాలు ఎవరి రంగులో వాళ్ళవి ఉన్నాయి. నడుమ కుర్చీలో మాస్టారు ఒక్కడే పాత కొవ్వొత్తిలా ఉన్నాడు. నవ్వుతున్నాడు. కళ్ళల్లో తెలుపు లేదు.

ఆ మాస్టారు ఆ ఏడాదే పోయాడు. ఏదో కాలేయం జబ్బన్నారు.

తను అప్పట్లో తయారుచేసి ఇచ్చిన వీడియో కూడా పక్కన పెట్టి చూసింది. పసుపు లాగేయడంతో మిగతావాళ్ళంతా చలికి కొంకర్లుపోయినట్టు నీలంగా ఉన్నారు. అంతమంది మధ్య మాస్టారు ఒక్కడే నిండు ఆరోగ్యంతో కళకళలాడుతున్నాడు.

ఆపేయాల్సింది, ఆపలేదు. ఇంకో వీడియో తీసింది, ఆపైన ఇంకోటి. ఒక పెళ్ళిలో వరసలో నిలబడిన జనంలో, ఒక గృహప్రవేశంలో గుమ్మం పక్కన, మరో రెండు మైనపు మొహాలు దొరికాయి. ఆ ఇద్దరి సంగతీ ఆవిడకు తెలుసు. ఇద్దరూ ఇప్పుడు లేరు. తను చేసి ఇచ్చిన ఆ వీడియోల్లోనూ బతికున్నవాళ్ళు పాలిపోయి ఉన్నారు, పోయినవాళ్ళు నాలుగు కాలాలు బతికేలా ఉన్నారు. ఆ రంగు వేసిన చెయ్యి తనదే.

కత్తెరమ్మ కుడి తెర మీద అస్తరు గుడ్డ కప్పేసి, స్టూడియో ఆయనకు ఫోన్ చేసింది.

"అందులో ఏమైనా లోపముందా అండీ?"

"లోపం లేదమ్మా. ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది."

"మరి మీరెందుకు వదిలించుకున్నారు?"

"నాకూ ఇల్లుందమ్మా. ఇంట్లోవాళ్ళని అందులో చూడటం మానేశాను. మానేశాక కూడా అది అక్కడ ఉంటే, గదిలో ఎవరో కూర్చుని ఉన్నట్టుండేది" అన్నాడు.

కొన్నాళ్ళు ఆ గుడ్డ తీయకుండానే నెట్టుకొచ్చింది. కానీ పని ఊరుకోదు కదా. ఆడపడుచు కూతురి పుట్టినరోజు వీడియో వచ్చింది. ఇంటివాళ్ళ పని, మిగతావి ఎలా ఉన్నా రంగులు తప్పకూడదు. గుడ్డ తీసింది.

ఎడమ తెరలో అందరూ ఒకే పసుపు రంగులో ఉన్నారు. కుడి తెరలో గోడ తెల్లగా ఉంది, కేకు పళ్ళెం తెల్లగా ఉంది, పిల్ల మొహం గులాబీలా ఉంది. పిల్ల వెనక వంగి కొవ్వొత్తులు వెలిగిస్తున్న ఆడపడుచు మాత్రం పచ్చగా ఉంది. కొవ్వొత్తి వెలుగేమోనని ముందుకు జరిపింది. ఆరుబయట తీసిన ముక్క వచ్చింది. ఎండలోనూ అదే పసుపు. ఆడపడుచు కెమెరా వైపు తిరిగి చెయ్యి ఊపింది. కత్తెరమ్మ ఆ నవ్వు మీద బొమ్మను ఆపింది. పక్కనున్న పాత తెరలో అదే మనిషి, అదే నవ్వు, ఏ వంకా లేదు.

ఫోన్ చేసి, మొహం పచ్చబడిందేమని అడిగితే ఆడపడుచు పకపకా నవ్వింది. "వదినా, బొమ్మలయిపోయాయి, ఇప్పుడు మనుషులక్కూడా రంగులు దిద్దుతున్నావా?"

"ఒంట్లో ఎలా ఉంది నీకు?"

"కాస్త నీరసం. ఎవరికి లేదు చెప్పు?"

"ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదా?"

"రోజూ చూసేవాళ్ళు ఏమంటారు వదినా, ఉప్పు తక్కువైందంటారు."

మాటలతో పని కాదని, వీడియో చూద్దువుగాని రమ్మని పిలిచింది. ఆడపడుచు వచ్చి రెండు తెరల నడుమ కుర్చీలో కూర్చుంది. పరదా వేసి ఉంది. ముందు ఎడమవైపు చూసి ముచ్చటపడింది. తర్వాత కుడివైపు చూసింది. మళ్ళీ ఎడమవైపు, మళ్ళీ కుడివైపు. నవ్వు మెల్లగా జారిపోయింది.

"వదినా, ఈ ఇద్దరిలో నేనెవర్ని?"

కత్తెరమ్మ లేచి పరదా తీసింది. గదిలోకి ఎండ పడింది. ఆ ఎండలో ఆడపడుచు చేతి అద్దం తీసుకుని, కింది రెప్పను వేలితో లాగి చూసుకుంది.

ఆ సాయంత్రమే దర్జీ చెల్లెల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. పిత్తాశయంలోంచి జారిన రాయి పిత్తం దిగే దారికి అడ్డం పడిందనీ, ఇంకా నానిస్తే ప్రాణం మీదికొచ్చేదనీ చెప్పి రాయి తీసేశారు. ఆడపడుచు కోలుకుంది. కోలుకున్నాక ఊరుకుందా, వదిన తెర మహిమని కనబడ్డవాళ్ళకల్లా చెప్పింది.

దాంతో కత్తెరమ్మ గుమ్మంలోకి వేరేరకం జనం రావడం మొదలైంది. "మా ఆయన మొహం ఒక్కసారి చూసిపెట్టమ్మా" అని ఫోన్లో వీడియోలు పట్టుకొచ్చేవాళ్ళు. ఫోన్లో తీసినదాన్ని నమ్మకండి, డాక్టరు దగ్గరికెళ్ళండని చెప్పి పంపేసేది. ఇంకొందరు ఆవిడ ఎదురొస్తే మొహం పక్కకి తిప్పుకునేవాళ్ళు. అత్తగారు వెనక గదిలోకి అడుగుపెట్టడమే మానేసింది. "నా రంగు నాకు తెలుసు. నన్ను అందులో పెట్టావంటే ఊరుకోను" అంది. దర్జీ అయితే ఎవరైనా ఫోన్ ఎత్తి ఫొటో తీయబోతే చప్పున తల వంచుకునేవాడు.

ఆ రోజుల్లోనే ఒక ముసలాయన పెళ్ళిరోజు వీడియో వచ్చింది. యాభయ్యేళ్ళ కాపురమట. కుడి తెర మీద పెట్టగానే కనిపించింది. వెతకనక్కర్లేనంత పసుపు. గుండె రాయి చేసుకుని ముసలాయన కొడుక్కి ఫోన్ చేసింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక నసుగుతుంటే అతనే అందుకున్నాడు.

"మాకు తెలుసమ్మా. ఇక చేసేదేం లేదన్నారు. నాన్నకి చెప్పలేదు. అందుకే ఈ వేడుక. మీరు మాత్రం ఆయన్ని బాగా కనబడేట్టు చెయ్యండి."

కత్తెరమ్మ మళ్ళీ బొమ్మ ముందు కూర్చుంది. ఇన్నేళ్ళూ తెలియక చేసిన పనే, ఇప్పుడు తెలిసి చేయాలి. ముసలాయన మొహం వరకే గీత గీసి, మిగతావాళ్ళ జోలికి పోకుండా, పసుపును కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోయింది. చెంపల్లోకి నెత్తురు వచ్చింది. కళ్ళు తెల్లబడ్డాయి. అబద్ధం చెప్పదన్న ఆ తెరలోనే ముసలాయన పదేళ్ళు చిన్నవాడై, భార్య చెయ్యి పట్టుకుని ఆవిడకేసి చూసి నవ్వాడు.

వీడియో అందాక ఒక మధ్యాహ్నం ముసలాయనే ఫోన్ చేశాడు. గొంతు బలహీనంగా ఉన్నా మాట స్పష్టంగా ఉంది.

"చూశానమ్మా. మా ఆవిడ పక్కనున్నాయన ఎవరో గాని, బాగున్నాడు."

"మీరే కదండీ" అంది కత్తెరమ్మ.

"అలాగే అనుకోనీ వాళ్ళని" అన్నాడాయన. "నాకు తెలుసని పిల్లలకి నేను చెప్పలేదు. నువ్వూ చెప్పకు."