అత్తాకోడళ్ళ ముదురాకుపచ్చ

దర్శి పక్క పల్లెలో మిరపకాయ రంగు తేల్చాలంటే శివపార్వతి కల్లంలోకి రావాల్సిందే. గుప్పెడు కాయలు ఎండలో పట్టుకుని ఒక్క చూపు చూసిందంటే ఇక తిరుగులేదు. ఇంట్లోనూ అంతే! చీరలైనా సంబంధాలైనా ఆవిడ ఊఁ అంటేనే కదిలేవి. కోడలు శ్రీరమ్యను ఏరి తెచ్చుకున్నదీ ఆవిడే.

ఆ కోడలు కాపురానికొచ్చిన ఏడాదికి మొదటిసారి నోరు తెరిచి ఒకటి అడిగింది, తమ గదికి ముదురాకుపచ్చ రంగు వేయించమని. సరేనన్నారు. తీరా రంగులు వేసే మాబు రెండు ముదురాకుపచ్చలు ఓ చెక్క మీద పూసి చూపిస్తే, అత్తకు ఒకటి నచ్చింది, కోడలికి ఇంకొకటి.

"రెండూ ఒకటేగా అమ్మా!" అన్నాడు కొడుకు వీరబాబు.

"నీ మొహం! నీకేం తెలుసురా?" అంటూ ఆవిడ చెక్క పట్టుకుని చరచరా కల్లంలోకి నడిచింది. రంగు చూడాలంటే ఆవిడకు ఎండ కావాలి మరి. ఎండలో తనది మిరపాకులా నిగనిగలాడింది. కోడలిది వెలిసినట్టుంది. "ఇదే వెయ్, మాబూ."

"ఒకసారి గదిలో పెట్టి చూద్దాం అత్తయ్యా," అంది రమ్య.

"ఎండలో చూడందే రంగేంటే?" అనేసింది శివపార్వతి. రమ్య తలూపింది.

రెండు గోడలు పూర్తయ్యాక, సాయంత్రం ఆవిడ దర్జాగా లోపలికి వెళ్ళింది. ఆ గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. లైటు వేసినా గోడలు మసిబారినట్టే ఉన్నాయి. మంచం మీద కూర్చున్న రమ్య, "బానే ఉంది అత్తయ్యా," అంది చిన్నగా.

శివపార్వతి ఆ గొంతు గుర్తుపట్టింది. కొత్తకోడలిగా తనూ ఇదే ఇంట్లో, ఇదే గొంతుతో, ఎన్నింటికి బానే ఉందని తలూపిందో!

"ఏం బాగుందే, నా బొంద! చీకటికొట్టులా ఉంటేనూ!" అని అరిచింది. "మాబూ! రేపొచ్చి రమ్య చెప్పిన రంగు వెయ్యి."

మాబు నసిగాడు. "వేసినవి వదిలేసి, మిగతా రెండు గోడలకూ ఆ రంగేద్దామమ్మా. రెండూ దగ్గరివేగా, ఎవరు కనిపెడతారు?"

"సగాలూ పాతికలూ వద్దు. నాలుగు గోడలూ వెయ్యి."

"మీ మాట పోతుందేమో అత్తయ్యా," అంది రమ్య భయంభయంగా.

"పోతే పోనీవే. నేను ఎండలో నిలబడి చూశాను. ఇందులో బతికేది నువ్వు."