నాలుగు కణుపులు ముందున్న బొటనవేలు

గత శుక్రవారం ఉదయం మా ఊరి మసీదు మైకు రెండుసార్లు గరగరలాడి ఒక మరణవార్త ప్రకటించింది. జుమా తరువాత జనాజా నమాజు ఉంటుందని చెప్పింది. పేరు వినగానే చేతిలోని కాఫీ గ్లాసును పక్కన పెట్టాను. సాయంత్రం దాకా అది అక్కడే ఉన్నదట. పోయినవాడు కువైట్‌లో నా ఎదురుగది పొరుగువాడు. ఫర్వానియాలోని తెలుగువాళ్లందరూ అతణ్ణి టాలీ భాయి అనే పిలిచేవారు. నేనూ ఇక్కడ అలాగే తలుచుకుంటాను.

స్మృతివ్యాసంలో పోయినవారి మంచితనం చెప్పి, కళ్లు ఒత్తుకొని ముగించడం మర్యాద. ఒక జీవితకాలం పిల్లలకు వ్యాసరచన నేర్పినవాణ్ణి కనుక ఆ మర్యాద నాకూ తెలుసు. కాని ఈ వ్యాసం సగం అతని కోసమూ, సగం మరొకాయన మీదా రాస్తున్నాను. ఆ మరొకాయన ఖననానికి వచ్చి, మూడు పిడికిళ్లు మట్టి వేసి, "నా సొంత తమ్ముడు పోయినట్లుంది" అని అందరికీ వినపడేటట్లు అన్నాడు. ఆయన పేరు రాయను. ఈ పత్రిక ఆయన ఇంటికి కూడా వెళ్తుంది. చదివి తననుతాను పోల్చుకుంటే నాకు చాలు.

టాలీ భాయిది షువైఖ్ రేవులో ఓడల నుంచి దిగే బస్తాలను లెక్కపెట్టే పని. దాన్నే టాలీ అంటారు. గుమాస్తా కాగితం మీద గీతలు గీసేవాడు. మనవాడు ఎడమచేతి బొటనవేలిని కణుపుల మీద నడిపించేవాడు. బస్తా గోదాములోకి పోతే ఒక కణుపు ముందుకు, చిరిగి తిరిగివస్తే ఒక కణుపు వెనక్కి. సాయంత్రం కాగితమూ వేలూ ఏకీభవించకపోతే కాగితాన్నే దిద్దేవారట. రాయచోటి దగ్గరి పల్లెలో ఉర్దూ చదువుకున్నాడు. తెలుగు కమ్మగా మాట్లాడేవాడే కాని, చదవలేడు.

"నోట్లో ఉండే బాస కంట్లో లేదు అయ్యోరా. సిగ్గయితాంది" అంటూ ఒక గురువారం సాయంత్రం నా గదికి వచ్చాడు. చెప్పులు రెండూ ఒకే గీత మీద ఉండేటట్లు గడప బయట విడిచాడు. పలకా బలపం తానే తెచ్చుకున్నాడు. ఆ తరువాత ఏ గురువారమూ తప్పలేదు.

నేను అక్కడ మన పిల్లల బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. నా చేతిరాత మీద నాకు గర్వం ఉండేది, దాచను. నీళ్లు వచ్చే వేళలు, పండుగ భోజనాల పిలుపులు, లిఫ్టు చెడిపోయిన సంగతి, అన్నీ నా అక్షరాలలోనే మా భవనం గోడకు ఎక్కేవి. టాలీ భాయి కూడబలుక్కుంటూ చదవడం నేర్చింది ఆ గోడ ముందు నిలబడే.

మూడో అంతస్తులో పేకాట గది ఉండేది. ఆ దేశంలో జూదం నేరం. అందుచేత కిటికీలకు దుప్పట్లు కట్టి, శుక్రవారాలు భోజనాలయ్యాక ఆడేవారు. నడిపేవాడు మా జిల్లావాడే. ఖననానికి వచ్చాడని చెప్పిన ఆ పెద్దమనిషి ఆయనే. బీరూట్ హోటళ్లలో కాసినోలు చూశానని చెప్పుకొనేవాడు. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరచి, రెండు పేకలు కలిపి, ఇరవై ఒకటి ఆడించేవాడు. పంచేది ఎప్పుడూ ఆయనే. "మాది నిజాయితీ ఆట. చివరి ముక్క దాకా పంచుతాం" అనేది ఆయన గొప్ప.

టాలీ భాయి ఆ మెట్లెక్కడానికి కారణం అతని కఫీల్. ఆ యజమాని అడిగినంత ముట్టజెబితే తప్ప మరొకచోట పనిచేసుకోనివ్వడు. ఆ విడుదల కాగితం కోసమే ఆడాడు. మతం ఒప్పని పని అని అతనికి తెలుసు. ఆ మాట వచ్చినప్పుడు తల వంచుకొని, "ఆట గాదు అయ్యోరా, ఇదీ టాలీనే" అనేవాడు.

అతని లెక్క చాలా సులువు. రెండు నుంచి ఆరు వరకు చిన్న ముక్క బల్ల మీద పడితే బొటనవేలు ఒక కణుపు ముందుకు. పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే ఒక కణుపు వెనక్కి. ఏడు, ఎనిమిది, తొమ్మిదులకు వేలు కదలదు. వేలు బాగా ముందుకు పోయిందంటే పెద్ద ముక్కలు ఇంకా పేకలోనే ఉన్నాయన్నమాట. ఈ ఆటలో అవి ఆడేవాడికే లాభం. అప్పుడు పందెం పెంచేవాడు. బల్ల మీద అందరి ఎదుటా పడిన ముక్కను గుర్తుంచుకోవడం దొంగతనమెలా అవుతుందో నాకు నేటికీ అర్థం కాలేదు. అటువంటి జ్ఞాపకశక్తికి బడిలో నేను బహుమతులు ఇచ్చాను. అతడే ఒకసారి అన్నాడు: "కంటికి కనపడేది అందరిదీ. గుర్తు పెట్టుకొనేది మటుకు మనది."

గెలిచిన మొదటి శుక్రవారం అతనికి బిర్యానీలో పెద్ద ముక్క వడ్డించారు. రెండో శుక్రవారం చెవి పక్కన టేపురికార్డరు పెట్టారు. మూడో వారం ఇద్దరు మనుషులు చెరోపక్కన చేరి, ఊరి కబుర్లు అడుగుతూ ఊపిరాడనివ్వలేదు. అయినా గెలిచాడు. నాలుగో వారం పేక సగంలో ఉండగానే ఆ పెద్దమనిషి ముక్కలన్నీ ఊడ్చి మళ్లీ కలిపాడు.

"చివరి ముక్క దాకా అంటివే అన్నా?"

"నా గది, నా పేక, నా ఇష్టం. అయినా ఆ యేలేందిరా, ఊరికే కదలాడతాది? చీమలు పట్టినాయా?"

గది అంతా నవ్విందట. ఆ నవ్వులో కలిసినవాళ్లు ఇద్దరు ఇంకా బతికే ఉన్నారు. వాళ్లకూ ఈ పత్రిక అందుతుంది.

అందరూ వెళ్లాక టాలీ భాయి తన జీవితంలోకెల్లా పెద్ద తప్పు చేశాడు. రేవులో బస్తాలు తక్కువైతే ముందుగా సరుకు యజమాని చెవిలో చెప్పాలి, నలుగురిలో అరవకూడదు. అది టాలీవాళ్ల పద్ధతి. ఆ పద్ధతినే ఇక్కడా పాటించాడు. చిన్న ముక్కలూ పెద్ద ముక్కలూ సమానం కనుక, రెండు పేకలు పూర్తిగా పంచితే వేలు బయలుదేరిన కణుపుకే తిరిగిరావాలి. ఆ బల్ల మీద ఒక్కసారీ రాలేదు. ప్రతిసారీ నాలుగు కణుపులు ముందుకు పోయి ఆగింది.

"పెద్ద ముక్కలు నాలుగు తక్కువుండాయన్నా. నీకు తెలీకుండా ఎవురో తీసినట్లుండారు. సూసుకో" అని మెల్లగా చెప్పి, సలాం చేసి దిగివచ్చాడు.

మరునాడు ఆ పెద్దమనిషి నా గదికి వచ్చాడు.

"అయ్యోరా, నాలుగు కాయితాలు రాసియ్యల్ల. ఎవుడో మోసగాడు మన గదుల్లో తిరుగుతాండాడు. ఫోటో నేను అంటించుకుంటా. నీ అచ్చరమైతే జనం నమ్ముతారు."

ఆ చివరి మాటకు నేను పొంగిపోయాను. మోసగాడెవరని అడగలేదు. ఎర్రసిరాతో, తలకట్లు తీర్చిదిద్ది రాశాను: "ఈ ఫోటోలోని వ్యక్తి మోసగాడు. ఇతనిని ఏ గదిలోనికీ రానీయరాదు." సాయంత్రానికి కాగితం లిఫ్టు పక్కన వెలసింది. ఫోటో రంజాన్ విందునాటిది, గుంపు నుంచి కత్తిరించినది. నవ్వుతున్న టాలీ భాయి, అతని పక్కన అంచున తెగిన ఒక భుజం. ఆ భుజం నాది. దాన్ని నేను పీకివేయలేదు. ఆ పెద్దమనిషికి భయపడ్డాను.

గురువారం టాలీ భాయి వచ్చాడు. చెప్పులు ఎప్పటిలాగే సరిగా విడిచాడు. జేబులోంచి ఆ కాగితం తీసి, ఎక్కడా తడబడకుండా, మొదటి నుంచి చివరి దాకా పైకి చదివాడు. అతడు ఏకబిగిన చదివిన మొదటి తెలుగు వాక్యాలు అవే.

"తప్పు చదివినానా అయ్యోరా?"

"లేదు."

"మరి తప్పు యాడుంది?"

అతడు పలకను నా బల్ల మీదనే వదిలి వెళ్లిపోయాడు. ఆ పెద్దమనిషి అంతటితో ఊరుకోలేదు. ఒక కాగితం కఫీల్‌కూ చేర్చి, అరబ్బీలో అర్థం చెప్పించాడు. రేవులో మోసగాడికి లెక్కల పని ఇవ్వరు. అతణ్ణి సులైబియాలోని పాత ఇనుప సామాను ఆవరణలో కాపలాకు పెట్టారు. తల మీద రేకు కూడా లేని చోట రెండు వేసవులు గడిపాడు.

ఇంతలో ఆ ఆగస్టు వచ్చింది. ఇరాక్ ట్యాంకులు వీధుల్లోకి వచ్చాయి. కఫీళ్లు చాలామంది సరిహద్దు దాటిపోయారు. రొట్టెల దుకాణం ముందు వరుస వీధి మలుపు దాకా సాగేది. ఒక ఉదయం టాలీ భాయి సులైబియా తోటల నుంచి తోపుడుబండి నిండా ఉల్లిగడ్డలు నెట్టుకొంటూ నడిచివచ్చాడు. ఎండకు నల్లబడి గుర్తుపట్టలేకుండా ఉన్నాడు. గదికొక పాలు పంచాడు. ఆ పెద్దమనిషి వంతు వచ్చినప్పుడు ఒక్కొక్క గడ్డనే అందరి ఎదుటా ఎత్తి చూపుతూ పెట్టాడు. "నీకు ఒకటి గూడా తక్కువ గాదన్నా. సూసుకో" అన్నాడు. పెద్దమనిషి సంచిని వీపు వెనక దాచుకొని మెట్లెక్కడం నేను చూశాను. ఇంత సంతోషం కలిగిన రోజులు నా జీవితంలో ఎక్కువ లేవు.

బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేర్చే బస్సు ఒకటి కుదిరింది. అక్కడి నుంచి మన విమానాలు తీసుకుపోతాయి. కుటుంబాలను ఎక్కించగా పదకొండు చోట్లు మిగిలాయి. ఒంటరి మగవాళ్లం నలభైమందికి పైగా ఉన్నాము. మరో బస్సు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. పంచాయతీ మా బడి వరండాలో జరిగింది. పెద్దమనిషి లేచి, "కొట్లాట వద్దు. మనిషికొక ముక్క తీద్దాం. పెద్ద ముక్కలొచ్చిన పదకొండుమంది పోతారు. నా రెండు పేకలుండాయి, ఎంచుకోండి" అన్నాడు. ఎంచారు. నూటనాలుగూ ఉన్నాయి. అందరూ సరేనన్నారు.

వెనక నుంచి టాలీ భాయి గొంతు వినపడింది.

"ఎంచితే సాలదు. తిరగేసి పరుచల్ల."

"ఒరేయ్, ఫోటోకెక్కినోడివి, నువ్వా మాట్లాడేది?" అన్నాడు పెద్దమనిషి.

"నేనే. అందుకే మాట్లాడతాండా."

ముక్కలు ఒక్కొక్కటే వెల్లకిల పరిచారు. అతడు ఎడమచేతిని అందరికీ కనపడేటట్లు ఎత్తిపట్టి, లెక్క పద్ధతిని పైకి చెబుతూ వేలు నడిపించాడు. సగానికి వచ్చేసరికి చుట్టూ ఉన్న మగవాళ్లందరి బొటనవేళ్లూ కదలసాగాయి. చివరి ముక్క పడింది. అందరి వేళ్లూ నాలుగు కణుపులు ముందు ఆగాయి.

"రెండు పేకల్లో ఎనిమిదులు ఎన్నుండల్ల?" అని అడిగాడు.

"ఎనిమిది."

"ఎంచండి."

పన్నెండున్నాయి. ఆసులు నాలుగే ఉన్నాయి. పెద్దమనిషి తాను తీసిన ఆసుల చోట మరో పేకలోని ఎనిమిదులు పెట్టి లెక్క సరిచేశాడన్నమాట.

"పాత పేకప్పా, యాడో కలిసిపోయినట్లుండాయి" అని పెద్దమనిషి నసిగాడు.

జగిత్యాల నుంచి వచ్చిన తాపీమేస్త్రీ ఒకడు, ఆరడుగులవాడు, ఆయన ముందు గొంతుకూర్చున్నాడు. "గా మేజోళ్లు ఇప్పన్న. మర్యాదగ అడుగుతున్న. నేనిప్పితె కాలు గూడ అండ్లనే వస్తది."

కుడికాలి మేజోడులో నాలుగు ఆసులు దొరికాయి. ఆయనకొకటి, ఆయన మనుషులకు మూడు.

కొట్టమన్నారు. ఇక్కడే వదిలివేయమన్నారు. నేను కూడా అన్నాను, అందరికంటె గట్టిగా. టాలీ భాయి వద్దన్నాడు. జాలితో కాదు.

"కొడితే ఈ పొద్దుతో అయిపోతాది. నాకు రెండు ఎండాకాలాలు పట్టింది. ఈయనకు బతికినన్నాళ్లు పట్టల్ల" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వే రాయల్ల అయ్యోరా. ఆ ఎర్రసిరాతోనే" అన్నాడు.

రాశాను: "పేకలోని ఆసులను దొంగిలించినవాణ్ణి నేను. ఆ సంగతి కనిపెట్టిన నిరపరాధికి మోసగాడనే పేరు పెట్టినవాణ్ణీ నేనే." పెద్దమనిషి నలభైమంది ఎదుట చదివి, సంతకం చేశాడు. మధ్యలో మాటలు మింగితే, మొదటి నుంచి మళ్లీ చదివించాను. బడిపంతులుకు అది అలవాటే.

ఆసులు కలిపి, ఎనిమిదులు తీసివేసి, మనిషికొక ముక్క తీశాము. నాకు మూడు వచ్చింది. టాలీ భాయికి రాణి వచ్చింది, చోటు దొరికింది. ఆ చోటును తాపీమేస్త్రీకి ఇచ్చివేశాడు. పెద్దమనిషికి వచ్చింది అయిదు. "నేను అన్నతోనే వస్తా" అన్నాడు టాలీ భాయి. మూడు వారాల తరువాత వచ్చిన రెండో బస్సులో ఆయన పక్కనే కూర్చున్నాడు. ఎడారి పొడుగునా, జోర్డాన్ గుడారాలలో, విమానంలో కూడా ఆయన పక్కనే ఉన్నాడు. అతని బొటనవేలు కణుపుల మీద నడుస్తూనే ఉండేది. పెద్దమనిషి నిద్రపోలేదు.

ఆ గుడారాలలోనే నేను క్షమాపణ అడిగాను. "నిన్ను మాఫీ జేసినా అయ్యోరా. నీ చేతిని ఇంకా జెయ్యలా. దాన్తో పని చేపియ్యి" అన్నాడు. అక్కడ రాయడం రాని ప్రతివాడికీ ఇంటికి ఉత్తరం రాసిపెట్టాను. వరుసను అతడే నిలబెట్టేవాడు. ఆఖరి ఉత్తరం తన భార్యకు తానే రాసుకొని, దిద్దమని నాకు ఇచ్చాడు. దిద్దవలసింది చాలా ఉన్నది. ఏమీ దిద్దలేదు.

తరువాత పెద్దమనిషి మా పట్టణంలో నిజంగానే పెద్దమనిషి అయ్యాడు. ఫంక్షన్ హాలు కట్టాడు, సభలకు అధ్యక్షుడయ్యాడు. ప్రతి సభకూ టాలీ భాయి వెళ్లి మొదటి వరుసలో కూర్చునేవాడు. ఎడమచేతిని మోకాలి మీద పెట్టి వేలు కదిలించేవాడు. వేదిక మీద నిజాయితీ గురించి మొదలైన ఉపన్యాసం రెండు నిమిషాలకే ముగిసేది. చప్పట్లు అందరికంటె ముందు అతడే కొట్టేవాడు. పెద్దమనిషి సంతకమున్న కాగితం నా దగ్గర దాచాడు. "నేనుండంగా ఎవురికీ సూపొద్దు. భయం పాతది గాకూడదు. నేను పోయినాక నీ ఇష్టం" అన్నాడు.

శుక్రవారం ఖననం ముగిసి జనం కదులుతుండగా, పెద్దమనిషి నా భుజం మీద చేయి వేశాడు. రంజాన్ ఫోటోలో తెగిన భుజమే అది. చెవి దగ్గరికి వంగి, "అయ్యోరా, వాడు పోయె. ఆ కాయితం గూడా పోయినట్లే గదా?" అన్నాడు.

కాగితం నా బీరువాలో ఉన్నది. ఇక్కడ అచ్చువేయించడం లేదు. అచ్చయితే ఒక్కరోజుతో అయిపోతుంది.

ఆయన అలా అడగగానే, తడి మట్టి అంటిన నా ఎడమచేతిని మా ఇద్దరి మధ్యకు ఎత్తి, మధ్యవేలి కణుపు మీద బొటనవేలు ఆనించాను. ముందుకు ఒకటి, రెండు, మూడు. ఆయన చూపు నా వేలిని వదలలేదు. నాలుగో కణుపు మీద దాన్ని ఆపి, అలాగే ఉంచాను.