జగ్గయ్య వీలునామా

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన రెండు గదుల పెంకుటింట్లో ఒంటరిగా ఉండే జగ్గయ్య, పోర్టులో ముప్ఫయ్యేళ్లు క్రేను నడిపినవాడు, దేనికీ బెదిరే రకం కాదు. పోయిన ఏడాది, తన అనంతరం ఇల్లు అనాథాశ్రమానికి చెందాలని వీలునామా రాశాడు. అప్పట్నుంచీ పట్టుకుంది భయం. ఆశ్రమం మేనేజరు భీమశంకరరావు ప్రతి ఆదివారం అరటిపళ్లతో వచ్చి, "ఒంట్లో ఎలా ఉంది జగ్గయ్యగారూ?" అని ఆప్యాయంగా అడుగుతాడు. గేటు చప్పుడైతే చాలు, జగ్గయ్య దగ్గుమందు సీసాను మంచం కిందికి తోసి, నిండు బకెట్టు ఎత్తుకుని ఎదురెళ్తాడు. దగ్గు మింగి మింగి కళ్లు ఎర్రబడతాయి. అరటిపండు మాత్రం ముందు పక్కింటి మేకకి పెట్టి, అది తెల్లారేదాకా బతికుంటేనే తనొకటి వలుచుకుంటాడు.

మొన్న ఆదివారం మేనేజరు చంకలో అట్టపెట్టెతో వచ్చాడు. విప్పితే, వీలునామా నాడు తీయించిన జగ్గయ్య ఫోటో, ఫ్రేము కట్టించి ఉంది. దానికి గంధపు చెక్కల దండ. "మా హాల్లో దాతల వరసలో మీ చోటొక్కటే ఖాళీగా ఉందండీ," అన్నాడు మురిపెంగా. ఆ వరసలో తక్కినవాళ్లంతా పోయినవాళ్లే. జగ్గయ్య చేతిలోంచి బకెట్టు జారి ఇద్దరి పంచెలూ తడిశాయి.

"ఆ దండ తీసీండి బాబూ," అన్నాడు జగ్గయ్య. "నాను సచ్చాక అని రాసిన ముక్క కూడా కొట్టీండి. రేపే పిల్లల్ని తెచ్చి నా రెండో గదిలో ఎట్టీండి. నా సావు కోసం ఎవులో కాసుకున్నారని, రోజూ బయంతోనే సత్తన్నాను."